ఎరువు తెచ్చుకున్న ఊపిరి

కిందటి వారం లాయరమ్మను కోర్టు మెట్ల మీద, కెమెరాల వెలుగులో వదిలి వచ్చాం. గెలిచిన మనిషి కదా, వదిలి వచ్చినా బెంగ లేదనుకున్నాం. ఈ వారం ఆ గెలుపు సంగతే చెప్పుకోవాలి.

మందులకు లొంగని క్షయ పట్టిన ఆడవాళ్ళను ఊరి చివరి ఆసుపత్రిలో ఒక వార్డులో ఉంచి తాళం వేశారు. బయట తిరిగితే పదిమందికీ అంటుతుందని ప్రభుత్వానికి భయం. ఆ భయంలో అబద్ధం లేదు. అయితే ఎప్పుడు వదులుతారని అడిగితే చెప్పే నాథుడు లేడు. వాళ్ళ తరఫున లాయరమ్మ రెండు పోరాటాలు చేసింది. పరీక్ష కోసం దగ్గి తెమడ ఇస్తుంటే నర్సు ఎదురుగా నిలబడి చూడటం అవమానమని ముందు వాదించి, ఆసుపత్రి వెనక షెడ్డుకు ఒక తెర కట్టించింది. ఆ తర్వాత అసలు తాళం మీదికే వెళ్ళింది. గంటల్లో తేలే పరీక్షలో తెమడ శుభ్రంగా ఉందని వచ్చాక కూడా, క్రిమి మొలుస్తుందేమోనని వారాల తరబడి కాచుకునే ఇంకో పరీక్ష కోసం మనిషిని ఆపి ఉంచడం వైద్యం కాదు, శిక్ష అంది. వార్డు చూసే ఛాతీ డాక్టరు బోనులో నిలబడి, "తొందరపడితే పొరపాటు జరగొచ్చు" అంటే, "మీరు డాక్టరా, జైలరా?" అని అడిగింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

తీర్పు ఆమె వైపు వచ్చింది. తెమడ శుభ్రమైన వాళ్ళందరినీ అదే రోజు వదిలేయాలన్నారు. అందరికంటే ముందు బయటికి వచ్చింది, ఎవరి పేరు మీద కేసు నడిచిందో ఆ పార్లరమ్మాయి.

ఈరోజు ఆ అమ్మాయి తన పార్లర్ మళ్ళీ తెరిచింది. తెరిచిన రోజు మొదటి గిరాకీ తనేనని లాయరమ్మ వార్డు కిటికీ దగ్గర నిలబడి మాటిచ్చింది. మాట ప్రకారం వచ్చింది. వస్తూ వస్తూ, కడుపుతో ఉన్న చెల్లెల్ని కూడా వెంటబెట్టుకొచ్చింది.

తాళంచెవులు చేసేవాడి బడ్డీకీ, జిరాక్సు షాపుకీ మధ్య ఇరుక్కున్న గది అది. షట్టరు సగం వరకే ఎత్తి ఉంది. ముందు భాగంలో ఒక బెంచీ, అద్దం, ఎప్పటివో పెళ్ళికూతుళ్ళ ఫొటోలు. ప్లైవుడ్ తలుపు తోసుకుని లోపలికి వెళితే వెనక్కి వాలే కుర్చీ, దాని నెత్తిన ట్యూబులైటు, గోడకు ఏసీ. కిటికీ లేదు. ఆడవాళ్ళు మొహాలు అప్పగించి పడుకునే చోట కిటికీ ఎవరు పెడతారు?

చెల్లెలు బెంచీ మీద కాళ్ళు చాపుకుని కూలబడింది.

"ముందు నువ్వు కానియ్యి అక్కా. కోర్టులో కనుబొమ్మలు ముడిచి అందర్నీ బెదరగొడతావు. అవి కాస్త సన్నబడితే జడ్జీలు బతికిపోతారు," అంది.

పార్లరమ్మాయి నవ్వింది. ఆ నవ్వు పెదాలు దాటి పైకి రాలేదు. లాయరమ్మ అది గమనించింది, గమనించి పక్కన పెట్టింది. గెలిచిన మనిషికి ఎదుటి మొహంలో తన గెలుపే కనిపిస్తుంది. ఇంకేమైనా కనిపిస్తే పాపం అలసట అనుకుంటుంది.

కుర్చీ వెనక్కి వాలింది. తలుపు దానంతటదే మూసుకుంది. "చర్మం మీరే లాగి పట్టుకోండి మేడమ్," అంటూ అమ్మాయి కనుబొమ్మ మీద పౌడరు అద్దింది. లాయరమ్మ కళ్ళు మూసుకుని, రెండు చేతుల వేళ్ళతో రెప్పనీ నుదుటినీ బిగించి పట్టుకుంది. రీలు నుంచి దారం లాగిన చప్పుడు. దారం కొసను పళ్ళ మధ్య కరిచి పట్టి, మిగతాది వేళ్ళకు మెలితిప్పి, ఆ మెలికను కత్తెరలా ఆడిస్తూ వెంట్రుకలు తీయాలి. ఆ పనికి రెండు చేతులు చాలవు, నోరు మూడో చెయ్యి. అందుకే ఆ పని చేసేవాళ్ళు మూతికి గుడ్డ కట్టుకోలేరు. ఎదుటి మొహం మీదికి జానెడు దూరం దాకా వంగక తప్పదు.

చురుక్కుమంది. మళ్ళీ చురుక్కుమంది. కుట్టుమిషను నడిచినట్టు ఒక వరసలో సాగిపోయింది.

ఇంకో మనిషి మొహం తన మొహానికి ఇంత దగ్గరగా వచ్చి లాయరమ్మకు ఏళ్ళయింది. మనుషులకూ తనకూ మధ్య ఒక బల్ల ఉండటం ఆమెకు అలవాటు. కక్షిదారు అవతల, తను ఇవతల. ఎవరి కన్నీళ్ళైనా ఆ బల్ల దాకా వచ్చి ఆగేవి. ఇప్పుడు మధ్యలో ఏమీ లేదు. నుదుటి మీద వెచ్చగా ఊపిరి తగులుతోంది. అది ఇబ్బందిగానూ ఉంది, ఎందుకో బాగానూ ఉంది. నేను కోర్టులో అడిగింది ఇదే కదా అనుకుంది. ఒకరి ఊపిరికి ఇంకొకరు భయపడకుండా ఉండటం. అలా అనుకోవడంలో కాస్త నటన ఉందనీ ఆమెకు తెలుసు. నిజంగా భయం లేనివాళ్ళు తమకు భయం లేదని గుర్తు చేసుకోరు.

ఒక కనుబొమ్మ అయింది. రెండోదాని మీద పౌడరు పడలేదు.

"ఏమైంది?"

"కళ్ళు తెరవకండి మేడమ్."

"ఎందుకూ?"

"మీరు చూస్తుంటే చెప్పలేను."

నుదుటి మీది వెచ్చదనం తప్పుకుంది. అమ్మాయి గోడవైపు తిరిగి మాట్లాడుతోందని గొంతును బట్టి తెలిసింది.

"ఆ తెమడ నాది కాదు మేడమ్."

కొన్ని మాటలు చెవిన పడ్డాక మనసు దాకా నడిచి వెళ్ళడానికి సమయం పడుతుంది. లాయరమ్మ మనసు ఇంకా ఏ తెమడ, ఎవరి తెమడ అని వాకిట్లోనే తచ్చాడుతోంది. ఛాతీ మాత్రం ముందే అర్థం చేసుకుంది. పీల్చిన గాలి పీల్చినట్టే ఆగిపోయింది. తాను ఊపిరి బిగబట్టానని తెలిసేసరికి ఆమెకు సిగ్గేసింది. సిగ్గేసినా వదల్లేకపోయింది.

కళ్ళు తెరిచింది. అమ్మాయి మూలకు వెళ్ళి రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. తెగిన దారం ముక్క ఆమె పెదవికి అంటుకుని వేలాడుతోంది.

"ఏ తెమడ?" అంది లాయరమ్మ, తెలిసి కూడా.

"మీరు జడ్జిగారికి చెప్పింది. శుభ్రంగా ఉందని వచ్చింది."

"నీది కాకపోతే ఎవరిది?"

"పెద్దక్కది."

వార్డులోకి అందరికంటే ముందు వచ్చి, వచ్చినవాళ్ళందరికీ పక్క చూపించి, ఏడ్చినవాళ్ళకు దుప్పటి కప్పే మనిషి పెద్దక్క. ఆమెను లాయరమ్మ ఎరుగును. షెడ్డు ఊడ్చేది ఆమే, తెమడ డబ్బాలు పంచేది ఆమే. నర్సులు కూడా ఏదైనా కనబడకపోతే ముందు ఆమెనే కేకేస్తారు.

"ఆవిడకి ఎప్పుడో తగ్గిపోయింది మేడమ్. ఆవిడకీ తెలుసు, మాకూ తెలుసు. ఒళ్ళు చేసింది, చెమటలు లేవు, మాలాగా కూలబడిపోయి దగ్గదు. మీరు తెర కట్టించాక నర్సు బయటే ఉంటోంది కదా. ఆ రోజు పెద్దక్క ముందే లోపలికి వెళ్ళి దగ్గి ఉంచింది. నేను వెళ్ళి అది నా డబ్బాలో వేసుకున్నా. నాది ఆవిడ డబ్బాలో వేశా. దానికి పేరు కూడా ఆవిడే పెట్టింది, ఎరువు అని. పెళ్ళికి పక్కింటివాళ్ళ నగ అడిగి ఎరువు తెచ్చుకున్నట్టు. ఎరువు సొమ్ము బరువు చేటంటారు గానీ ఇది తేలికేనే, ఒక్క దగ్గు, అని నవ్వించింది కూడా."

"నీది ఆవిడ డబ్బాలో ఎందుకు?"

"ఆవిడదీ శుభ్రంగా ఉందని వస్తే ఆవిడ్నీ పంపించేస్తారుగా! ఎక్కడికెళ్తుంది? అక్కడైతే పెద్దక్క. గేటు దాటితే ఎవరూ కాదు."

లాయరమ్మ లేచి కూర్చుంది. తెర. ఆ తెర గుడ్డ ఎలా ఉండాలో కూడా తనే చెప్పింది. నీడ కూడా కనబడకూడదని మందంగా ఉన్నదే కట్టించింది. ఆ రోజు వార్డులో ఆడవాళ్ళు చేతులు పట్టుకుని ఏడ్చారు, మమ్మల్ని మనుషుల్లా చూశారమ్మా అని. అది తప్పా? కాదు. ఇప్పుడు మళ్ళీ అడిగినా ఆ తెర కట్టాల్సిందే అంటుంది. తప్పు కాని పని వెనక ఇంత చీకటి ఎలా పట్టిందో ఆమెకు అంతుపట్టలేదు.

"నిన్ను నమ్మాను," అంది.

చాలా చిన్న మాట అది. అన్నాక తనకే నచ్చలేదు.

"మీరు నమ్మారు కాబట్టే చెప్తున్నా మేడమ్. నమ్మనివాళ్ళకి ఎవరు చెప్తారు?"

"ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టలేకపోయావా? మందు మింగుతూ..."

"మందు మింగనన్నానా ఎప్పుడైనా?" అమ్మాయి గొంతు మొదటిసారి లేచింది. "గుప్పెడు మాత్రలు మింగా. సూదులకి చెవిలో హోరు పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. వాంతులయ్యాక మళ్ళీ మింగా. మందు భరించా మేడమ్. తాళం భరించలేకపోయా. మా పాపని మా అత్తమ్మ తీసుకొచ్చేది. అద్దానికి అవతల నిలబెట్టేది. పాప అద్దం మీద చెయ్యి పెట్టేది, నేను ఇవతల పెట్టేదాన్ని. ఒక రోజు పాప చెయ్యి పెట్టలేదు. పక్కనున్న కుక్కపిల్లని చూస్తూ నిలబడింది. మా అత్తమ్మ చెయ్యి పట్టి అద్దానికి ఆనించబోతే ఏడ్చింది. ఆ రోజే పెద్దక్కని ఎరువడిగా."

దగ్గు వచ్చింది. రుమాలులోకి వంగిపోయి, భుజాలు రెండూ దగ్గరకు లాక్కుని దగ్గింది. దగ్గాక రుమాలు చూసుకుని మడత పెట్టింది. చూపించలేదు. చూపించక్కర్లేని రంగు అది.

"ఎప్పట్నుంచి?"

"మొన్నట్నుంచి మళ్ళీ మొదలైంది. శుభ్రమైందని రాశారు కదా, సూదులు ఆపేశారు, మాత్రలు తగ్గించారు. ఎరుపు ఈ పొద్దునే."

"మరి ఈ పొద్దున షట్టరు ఎందుకు ఎత్తావు?"

"ఎత్తకపోతే ఇంకా ఉందన్నమాటే అంటారు. పేపర్లో మీ ఫొటో పక్కన నా ఫొటో పడింది మేడమ్. నేనిక నయమైనదాన్ని అయి తీరాలి. పైగా మొదటి గిరాకీ మీరు. రావద్దని ఏమని చెప్పను?" గొంతు తగ్గించి అంది: "దారం నోట్లో పెట్టుకున్నా. ఒక కనుబొమ్మ దాకా లాగించా. మీరేమో కళ్ళు మూసుకుని హాయిగా ఊపిరి పీలుస్తున్నారు. ఇంక నా వల్ల కాలేదు."

అప్పుడే తలుపు తెరుచుకుంది.

"ఒక్క కనుబొమ్మకి ఇంతసేపా అక్కా? నా నడుం పడిపోతోంది అక్కడ," అంటూ చెల్లెలు లోపలికొచ్చి, అక్క మొహం చూసి పకాలున నవ్వింది. "ఇదేంటి, సగం చెక్కి వదిలేసిన బొమ్మలా ఉన్నావు! లే, లే, నా వంతు."

"నడు. కార్లో కూర్చో."

"ఎందుకు?"

"చెప్తున్నాగా, నడు. నీకు అవసరం లేదు."

చెల్లెలి నవ్వు సగంలో ఆగింది. ఆమె చూపు అక్క మీది నుంచి మూలన నిలబడ్డ అమ్మాయి మీదికి, నోటి మీది రుమాలు మీదికి వెళ్ళి తిరిగొచ్చింది. వెంటనే గొంతు తగ్గించేసింది. ఆమెకు అర్థమైంది వేరు.

"అక్కా, నువ్వు కూడానా? ఈ వీధిలో వాళ్ళంతా పెట్టే మొహం పెట్టావేంటి? పాపం ఆవిడ ఎదురుగానే! నాకేం భయం లేదు. జరుగు, నేను కూర్చుంటా."

కుర్చీ చెయ్యి పట్టుకుని, పొట్ట సర్దుకుంటూ కూర్చోబోయింది. లాయరమ్మ ఆమె జబ్బ పట్టి లాగేసింది. చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు కూడా ఆ చేతిని అంత గట్టిగా పట్టుకోలేదు.

"బయటికి నడవమంటున్నానా లేదా!"

వేళ్ళ గుర్తులు ఎర్రగా పడ్డాయి. చెల్లెలు ఆ గుర్తుల వైపు చూసుకుంది, ఆ తర్వాత పార్లరమ్మాయి వైపు చూసి, "ఏమీ అనుకోకమ్మా. మా అక్కకి టీవీలో ఒక మొహం, బయట ఒక మొహం. నాకూ ఇవాళే తెలిసింది," అంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా తలుపు లాక్కుని వెళ్ళిపోయింది. ముందు గదిలో చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు, షట్టరు కింద నుంచి కష్టపడి వంగి వెళుతూ తనలో తాను తిట్టుకుంటున్న చప్పుడు వినిపించాయి.

"మంచి పని చేశారు మేడమ్," అంది అమ్మాయి. ఎగతాళి లేదు ఆ గొంతులో. "నేనూ అంతే చేశా. ఇంటికెళ్ళింది పాపని ఎత్తుకోవడానికే కదా! మొన్న దగ్గు మొదలైనప్పటి నుంచి ఎత్తుకోలేదు. గదిలోకి వస్తే అరిచి పంపించేస్తున్నా. అమ్మకి కోపం అనుకుంటోంది. అప్పుడు మధ్యలో అద్దమైనా ఉండేది."

లాయరమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె ఆలోచన అలవాటు కొద్దీ ఒక వాదనలా మొదలైంది. కక్షిదారు చెప్పిన రహస్యం లాయరు గొంతు దాటకూడదు. దాటితే రేపటి నుంచి ఏ లాయరుకీ ఎవరూ నిజం చెప్పరు, డాక్టరుకీ చెప్పరు. చెప్పనివాళ్ళు చీకట్లో దగ్గుతారు. కాబట్టి రహస్యం కాపాడటం కూడా పదిమంది ఆరోగ్యాన్ని కాపాడటమే. ఇది ఒక పక్క. ఇంకో పక్క ఈ గదికి కిటికీ లేదు, ఈ కుర్చీలో రేపు ఇంకెవరో కళ్ళు మూసుకుని పడుకుంటారు. ఆ పడుకున్నవాళ్ళకు ఏ హక్కూ లేదా? త్రాసు బాగానే పట్టుకున్నాననుకుంది. అంతలోనే ఇంకో సంగతి తట్టింది. చెల్లెలి విషయంలో తను త్రాసు తీయనే లేదు. రెప్పపాటు కూడా ఆలోచించకుండా చెయ్యి పట్టి లాగేసింది. త్రాసు బయటికి వచ్చింది పరాయివాళ్ళ వంతు వచ్చాకే.

"పద, ఆసుపత్రికి వెళ్దాం," అంది. "నువ్వే డాక్టరుతో చెప్పు. పక్కన నేనుంటాను."

"తాళం వేస్తారా?"

"ముందు మందు మొదలు..."

"తాళం వేస్తారా వెయ్యరా మేడమ్?"

లాయరమ్మ చూపు తిప్పుకుంది. వేస్తారు. వెయ్యొచ్చని ఒప్పుకుంది తనే. కేసు గెలవడానికి ఒక మెట్టు దిగాల్సి వచ్చినప్పుడు, 'అంటించే స్థితిలో ఉన్నవాళ్ళను ఆపడానికి మాకు అభ్యంతరం లేదు' అని తన నోటితోనే అంది. నా కక్షిదారు అలాంటిది కాదన్న ధీమాతో అంది.

"వేస్తారన్నమాట," అంది అమ్మాయి. "తాళం లేకుండా మందివ్వమని అడగండి. ఇల్లు దాటను. షట్టరు దించేస్తా. పొద్దునా సాయంత్రం నర్సు వచ్చి ఎదురుగా నిలబడి మింగించనీ. మా పాపని వేరే గదిలోంచి చూస్తా, గొంతు వింటా. అంతే. ఇది ముందే ఇచ్చి ఉంటే నేను ఎరువడిగేదాన్నా?"

కోర్టులో తను ఇదే ఎందుకు అడగలేదు అనుకుంది లాయరమ్మ. తాళం తీయించడం గెలుపులా కనిపించింది. ఇంటికొచ్చి మందిచ్చే నర్సు ఎవరి ఫొటోలోనూ పడదు.

"నేను చెప్పింది మీరు ఎవరికీ చెప్పకూడదు కదా మేడమ్? మొదటి రోజే అన్నారు, నా దగ్గర చెప్పింది నాతోనే ఉంటుందని."

"అన్నాను."

"ఇప్పుడూ అంతేనా?"

"నీ సంగతి అడుగుతాను. తాళం లేకుండా మందు ఇప్పించే దారి చూస్తాను. కానీ ఒకటి నిజం చెప్పు. పెద్దక్క ఇంకెవరికైనా ఎరువిచ్చిందా?"

"తెర కట్టాక నేనే మొదటిదాన్ని. అప్పటికి మిగతావాళ్ళు భయపడ్డారు. కానీ ఇప్పుడు తీర్పొచ్చింది కదా..." అని ఆగింది అమ్మాయి.

"వస్తే?"

"అందరికీ పిల్లలున్నారు మేడమ్. అడక్కుండా ఉంటారా? పెద్దక్క కాదనదు. ఆవిడకి కాదనడం రాదు. నా ఊపిరి నాకెందుకే, మీకు పనికొస్తే పట్టుకుపోండి అంటుంది."

లాయరమ్మ గోడ వదిలి ముందుకు వచ్చింది. ఏమో అడగబోయింది. బ్యాగులో ఫోను మోగింది.

ఛాతీ డాక్టరు. కేసు మొదలయ్యాక ఆయన ఆమెకు ఎప్పుడూ తనంతట తాను ఫోను చేయలేదు.

"లాయర్ గారూ, బిజీగా ఉన్నారా?" గొంతులో కోపం లేదు. తనతో తాను వాదించుకుని ఒక నిర్ణయానికొచ్చిన మనిషి గొంతు అది. "మీకు నేనే చెప్పాలనిపించిందమ్మా. తీర్పు ప్రకారం పొద్దున అందరి తెమడలూ తీయించాను. ఇప్పుడే ఫలితాలొచ్చాయి. అన్నీ శుభ్రం."

"అన్నీనా?"

"ఒక్క పెద్దావిడది తప్ప. పాపం ఆవిడకే ముందు తగ్గిందనుకున్నాను. విచిత్రం చూడండి. ఇంతమంది ఒకేసారి శుభ్రం కావడం నా సర్వీసులో ఎప్పుడూ చూడలేదు. మనసులో ఒక పురుగు తొలిచింది, ఎందుకు దాస్తాను! మళ్ళీ తీయిద్దామా అనుకున్నాను. తీర్పు ఒప్పుకోదు. పైగా మీరు కోర్టులో అన్న మాట తర్వాత నా అనుమానమంటే నాకే సిగ్గుగా ఉంటోంది. నాది వైద్యమో, పెత్తనమో నాకే తెలియడం లేదు. అందుకని సంతకం పెట్టేశాను. వ్యాన్ వచ్చింది. ఎక్కుతున్నారు. వినండి, ఎంత గోలగా ఉందో!"

వినిపించింది. ఆడవాళ్ళ నవ్వులు. ఎవరో ఎవర్నో సంచి మర్చిపోయావే మొద్దూ అని తిడుతున్నారు. ఇంకెవరో కిటికీ పక్కన కూర్చుంటానని పోట్లాడుతున్నారు. నవ్వుల మధ్య దగ్గు. ఒకరి దగ్గు కాదు. ఎవరి దగ్గు ఎక్కడ ముగిసి ఎవరిది మొదలవుతోందో తెలియనంతగా, వాళ్ళ మాటల్లోనే కలిసిపోయి ఉంది. రోజూ వినే డాక్టరుకు అది వినపడటం లేదు కాబోలు.

"ఒక్కొక్కరూ ఒక్కో ఊరు," అన్నాడాయన ఆనందంగానే. "బస్టాండులో దింపేస్తే రాత్రికల్లా ఇళ్ళల్లో ఉంటారు. డ్రైవరు తలుపు వేస్తున్నాడు. పంపించెయ్యమంటారా?"

"వద్దు," అంది లాయరమ్మ.

ఆ మాట ఆమెను అడక్కుండా వచ్చేసింది, చెల్లెలి జబ్బ మీద పడ్డ చెయ్యి లాగానే. పార్లరమ్మాయి నోటి మీది రుమాలు కిందికి జారింది.

"వ్యాన్ ఆపండి డాక్టరుగారూ. ఆపండి."

అవతల ఇంజను ఆడుతూనే ఉంది. తర్వాత ఆయన గొంతు వచ్చింది. నెమ్మదిగా, జాగ్రత్తగా, బోనులో నిలబడ్డ మనిషిలా ఒక్కో మాటా చూసుకుంటూ.

"ఎందుకమ్మా?"

లాయరమ్మ ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

"కారణం చెప్పాలమ్మా. కారణం చెప్పకుండా ఒక్కరినీ, ఒక్క క్షణమూ ఆపకూడదని రాశారు. మీరు రాయించారు. నేను ఆపాలంటే నాకు కారణం కావాలి. మీకేమైనా తెలిసిందా? ఎవరైనా చెప్పారా?"

లాయరమ్మ తలెత్తింది. పార్లరమ్మాయి ఆమె వైపు చూడటం లేదు. గోడవెంట జరుగుతూ జరుగుతూ ప్లైవుడ్ తలుపు దాకా వెళ్ళింది. ఒక చెయ్యి తలుపు మీద ఉంది. ఇంకో చేత్తో తన చెప్పులు పట్టుకుంది, చప్పుడు కాకుండా.

"లాయర్ గారూ? లైన్లో ఉన్నారా? ఎవరు చెప్పారు?"